దూరపు నక్షత్రం

“ఏమయ్యా, కళ్లు నెత్తిమీదున్నాయా? అవి మిరపకాయలు, రోడ్డు కాదు!”

నల్లపాడు పక్క కల్లంలో బైక్‌తో సహా పడ్డ చైతన్యకృష్ణ తుమ్ముతూ లేచాడు. కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. సైన్స్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తున్న రెండు బల్బులు, ఒక థర్మోకోల్ బంతి ఎండుమిర్చిలో దొర్లుతున్నాయి. ఎదురుగా చీపురుతో ఉదయశ్రీ. వెనకే దుడ్డుకర్రతో ఆమె తండ్రి యలమందయ్య.

కర్ర లేచింది. చైతన్య నోటికందిన వరస వాడేశాడు.

“బాబాయ్! తప్పయిపోయింది బాబాయ్!”

కర్ర దిగింది. కొడుకుల్లేని యలమందయ్య ఆ పిలుపుకి కరిగిపోయాడు. “మన కుర్రాడేనే ఉదయా! మజ్జిగ తీసుకురా.”

మజ్జిగతో పాటు ప్రశ్నలూ వచ్చాయి. ఉదయశ్రీ బీఎస్సీ చదువుతోంది మరి.

“ఈ బల్బులేంటి సారూ?”

“జంట నక్షత్రాలు. ఈ బంతి గురుడంత గ్రహం. పెద్ద నక్షత్రాన్ని అంటుకున్నట్టే తిరుగుతుంది. మన వారం తిరక్కుండా దానికో ఏడాది. ఒళ్లంతా నిప్పే.”

“అంత దగ్గరికి ఎందుకు పోయింది పాపం?”

“పుట్టింది దూరంగానే. రెండో నక్షత్రం తన లాగుడుతో దాన్ని అటు నెట్టి ఉండొచ్చని ఒక ఊహ.”

“నెట్టేసి?”

“దూరంగా తిరుగుతూ ఉంటుంది.”

“ఛీ! పిరికిది,” అని ఆమె బంతికి కారం పూసింది. “ఇప్పుడు చూడండి, మండుతుంది!”

ఎగ్జిబిషన్‌కి యలమందయ్యే ఆమెను చైతన్య బండెక్కించాడు. ప్రైజొచ్చింది. తిరిగొస్తుంటే వాన. ఇద్దరూ పరుగున కల్లంలో మిర్చిరాశి మీద పట్టా లాగారు. పట్టా అంచు పట్టుకుని తడిసి ముద్దయిన ఉదయశ్రీ నవ్వింది.

“సారూ, మీ కళ్లు ఎర్రబడ్డాయి. కారమా?”

“నువ్వు.”

నవ్వు ఆగింది. “అయితే నాన్నతో మాట్లాడండి. ఆలస్యం చేయకండి.”

మర్నాడే వెళ్లాడు. నోరు తెరిచేలోపు యలమందయ్య అతని భుజం మీద చెయ్యేశాడు.

“సమయానికొచ్చావురా. ఉదయకి సంబంధం కుదిరింది. చీరాల పిల్లాడు, శివనాగరాజు. ‘ఎవడి బండెక్కి తిరిగిందంట మీ అమ్మాయి?’ అని వాళ్లు పొద్దున్నే ఫోన్లో మెలిక పెట్టారు. ‘వాడు దానికి అన్నండీ’ అని ఒట్టేసి చెప్పా. తగ్గారు. నీ మాటే దాన్ని కాపాడిందిరా!”

ఇప్పుడు కాదంటే ఆమె పేరు బజారున పడుతుంది. కాదనకపోతే ఆమే పోతుంది. గుమ్మం వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. ఆమె వింటోంది.

“మంచిది బాబాయ్,” అన్నాడు చైతన్య.

పెళ్లిలో హోమం రగిలింది. “పెళ్లికూతురి అన్నగారు రావాలి, పేలాలు పొయ్యాలి!” అని పురోహితుడు కేకేశాడు. యలమందయ్య చైతన్యను ముందుకు తోశాడు.

ఉదయశ్రీ దోసిలి పట్టింది. ఆ దోసిలి కింద శివనాగరాజు చేతులున్నాయి. చైతన్య పోసిన పేలాలు దోసిలి తప్పి నేలపాలయ్యాయి.

ఆమె తలెత్తింది. కళ్లలో తడి లేదు.

“సరిగ్గా పొయ్యి, అన్నయ్యా,” అంది, అందరికీ వినబడేలా.