చారులో ఇనుము రుచి

కేసు మొదలయ్యేటప్పటికి నాగేంద్రబాబు చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఎలుకల మందు ప్యాకెట్ ఒకటి, చారు మీద ఫిర్యాదు ఒకటి, ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని కొంగు నలుపుకుంటున్న కన్యక. నరసరావుపేటలో డిటెక్టివ్ బోర్డు కట్టకముందు అతను మిరపకాయల కమీషన్ వ్యాపారి. బస్తా మీద చెయ్యి వేసి లోపలి కాయ తడో పొడో చెప్పేవాడు. ఆ కొట్లోంచే వెంట వచ్చిన అసిస్టెంట్ రేచల్‌కి ఆ చేతి మీద ఇప్పటికీ అంతే గురి. ఈ సరుకు చూస్తే మాత్రం అతనికి ఒళ్లు మండింది.

కన్యక కిరాణా వ్యాపారి లక్ష్మీనరసయ్య కోడలు. అత్త కోటేశ్వరికి కిందటేడు గుండెలో పాడైన వాల్వ్ తీసేసి లోహపు వాల్వ్ పెట్టారు. దాని మీద నెత్తురు గడ్డ కట్టకుండా జీవితాంతం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర రోజూ చేతికిచ్చేది కన్యకే. మొన్న కోటేశ్వరి చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలై ఆగలేదు. ఒంటినిండా నల్లమచ్చలు తేలాయి. ఆసుపత్రిలో పరీక్ష చేసి, నెత్తురు ఉండవలసిన దానికంటే మూడింతలు పలచబడిందన్నారు. మాత్రలు ఎక్కువ పడ్డాయా అంటే, షీటులో మిగలాల్సినవి మిగిలే ఉన్నాయి. ఎలుకల మందు కూడా ఒంట్లో ఇలాగే పనిచేస్తుందని డాక్టర్ షెర్లీ మాటవరసకు అంది. లక్ష్మీనరసయ్య ఆ ఒక్క మాట పట్టుకుని గోడౌన్‌కి పరుగెత్తి ప్యాకెట్ తెచ్చి, కోడలు చారులో కలిపింది ఇలాంటిదేనని బల్ల మీద పెట్టాడు. కన్యక దాన్ని ఎత్తుకొచ్చేసింది.

"దొంగసొత్తు కూడా మన నెత్తినే," అని గొణిగాడు నాగేంద్రబాబు. ప్యాకెట్ సీలు విప్పలేదు, పైన దుమ్ము చెదరలేదు. కానీ కిరాణా కొట్లో ఇలాంటివి డబ్బాల కొద్దీ ఉంటాయి. దీనితో ఎవరి తప్పూ తేలదు, ఎవరి పేరూ నిలబడదు.

"అత్తయ్య వారం నుంచి చారు ఇనుము నాకినట్టుందంటానే ఉంది బాబాయ్ గారూ," అంది కన్యక. "మామయ్య ఆ మాట బజారంతా చెప్పాడు. సాయంత్రం నూజెండ్ల నుంచి మావాళ్లు వస్తన్నారు. నన్ను వాళ్లకి అప్పజెప్పి, స్టేషన్‌లో కాయితం ఇస్తాడంట."

"మీ ఆయన సందీప్ ఏమంటాడు?"

"నేల చూస్తన్నాడు."

డాక్టర్ షెర్లీకి ఫోన్ చేస్తే తొందర ఇంకా పెరిగింది. ఎలుకల మందైతే విరుగుడు వారాల తరబడి ఇవ్వాలి. అది కాకపోతే మాత్రం, అంత విరుగుడిస్తే నెత్తురు చిక్కబడి కొత్త వాల్వ్ మీదే గడ్డ కడుతుంది. ఇటు తప్పినా అటు తప్పినా కోటేశ్వరి ప్రాణానికే ముప్పు. ఏదో ఒకటి ఇవాళే తేలాలంది.

ముందు కొట్టుకి వెళ్లారు. లక్ష్మీనరసయ్య కోపంతో గట్టిగా మాట్లాడుతుంటే పై వరస కట్టుడు పళ్లు జారాయి, వెనక్కి నెట్టుకున్నాడు. కాసేపటికి కింది వరస కూడా అలాగే కదిలింది. అడిగినదానికి జవాబు చెప్పడు, చెప్పిందే మళ్లీ చెబుతాడు. ఆపరేషనప్పుడు పలకరింపులకు ఊరు ఊరంతా వచ్చిందని, వచ్చిన ప్రతివాళ్లకూ కాఫీలు పెట్టి, ఆపరేషన్ కథ మొదటి నుంచీ చెప్పలేక భార్యాభర్తలిద్దరూ సగమయ్యారని, ఇప్పుడీ కోడలి వల్ల మళ్లీ ఆ ఖర్మేనని వాపోయాడు.

అక్కడి నుంచి ఇంటికి వెళ్లారు. అదే చారు ఇంట్లో అందరూ తిన్నారు. ఎవరికీ ఏ రుచీ తేడా తెలియలేదు. వారం నుంచి అత్తకు అన్నం పలచగా, మెత్తగా వండించారని కన్యక చెప్పింది. కోటేశ్వరి మంచం పక్కన లవంగాల డబ్బా ఉంది. నాగేంద్రబాబు మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేశాడు. రేచల్ ఏమిటన్నట్టు చూస్తే విసుక్కున్నాడు.

ఆసుపత్రిలో కోటేశ్వరి నీరసంగా పడుకుని ఉంది. కొడుకు సీలు విప్పి పోసిన బాటిల్ నీళ్లు ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఇయ్యి గూడా ఇనుప నీళ్లేరా," అంది. సందీప్ భయపడ్డాడు. నాగేంద్రబాబు మొహంలో మాత్రం ఆ రోజుకి మొదటిసారి చిరాకు తగ్గింది. రేచల్‌ని అక్కడే ఉండమని చెప్పి, బజారులో మందుల షాపు అమ్జద్ దగ్గరికి వెళ్లి, అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

సాయంత్రానికి కోటేశ్వరి మంచం చుట్టూ అందరూ చేరారు. నూజెండ్ల పెద్దమనుషులిద్దరు గోడవారగా నిలబడ్డారు.

"చారులో ఏమీ లేదు," అన్నాడు నాగేంద్రబాబు. "ఉంటే ఆ రుచి చారులోనే ఉండాలి. అప్పుడే సీలు తీసిన నీళ్లలోకి ఎట్టా వచ్చింది? రుచి ఆమె నోట్లో ఉంది. నాకు రక్తవిరేచనాలు పట్టుకున్నప్పుడు వేసుకున్న మాత్రలకు నా నోరూ ఇట్టాగే అయింది. ఆ మాత్రే పన్ను చీము పట్టినా ఇస్తారు. మెత్తటన్నం, లవంగాలు. పన్ను ఎవరిదో తెలుస్తానే ఉంది. మరి మాత్ర కొన్నదెవరు? అమ్జద్, చెప్పు."

"పెద్దాయనే," అన్నాడు అమ్జద్. "తన పన్నే వాచిందన్నాడు. వేరే మందులేమన్నా వాడతన్నావా అని అడిగా. ఏమీ లేవన్నాడు. మెట్రోనిడజోల్ ఇచ్చా."

"నోట్లో సొంత పన్ను ఒక్కటి లేనాయనకి పన్ను నొప్పి," అన్నాడు నాగేంద్రబాబు. "ఏంది లక్ష్మీనరసయ్యా ఇది?"

కోటేశ్వరే చెప్పింది. "నేనే చెప్పొద్దన్నా. నా పేరు చెబితే అమ్జద్ ఎవరితోనన్నా అంటాడు, మళ్లీ ఊరంతా పలకరింపులకి దిగుద్ది. పంటి బిళ్లకీ గుండెకీ ఏం సంబంధం అనుకున్నాం."

ఆ యాంటీబయాటిక్, నెత్తురు పలచబరిచే మాత్ర ఒంట్లోంచి పోకుండా అడ్డుపడుతుందని, అందుకే వేసుకున్న మాత్రే రెట్టింపు పనిచేసిందని డాక్టర్ షెర్లీ వివరించింది. తిండి తగ్గడం దానికి తోడైందంది. తనకు ముందే చెప్పి ఉంటే వేరే మందు ఇచ్చి, రెండు మూడు రోజులకొకసారి నెత్తురు పరీక్ష చేయించేదాన్నని కసురుకుంది. వెంటనే విరుగుడు తక్కువ మోతాదులో ఇప్పించింది.

లక్ష్మీనరసయ్య కోడలి వైపు తిరిగాడు. "తప్పయింది తల్లీ. ఇంటికి పోదాం పద."

"నా పేరు చెప్పిన ప్రతి కొట్టుకీ పోయి, మాత్ర ఎవరు తెచ్చారో మీ నోటితో చెప్పండి మామయ్యా," అంది కన్యక. "అప్పుడొస్తా. ఆ మాత్ర మాత్రం ఇంక నా చేత్తో ఇయ్యను."

అప్పుడు తలెత్తాడు సందీప్. కన్యక అతని వైపు చూడలేదు.

లక్ష్మీనరసయ్య బజారు మొదటి నుంచి చివరి దాకా తిరిగి చెప్పాడు. నెత్తురు దారికి వచ్చాక కోటేశ్వరి ఇల్లు చేరింది. విన్న ప్రతివాళ్లూ పలకరింపుకు వచ్చారు. వారికి కాఫీలు కన్యకే పెట్టింది.

ఇక లెక్క. రాబడి కింద ఒక ప్రాణం, ఒక పేరు. ఖర్చు కింద, రోజూ అత్తకు మాత్ర అందించిన కోడలి చెయ్యి. ఇప్పుడు ఆ మాత్ర మామే ఇస్తున్నాడు. రేచల్ దీన్ని గెలిచిన కేసుల్లో వేసింది. నాగేంద్రబాబు కాదనలేదు, లాభమని కూడా అనలేదు.