ఇత్తడి బిళ్ల కింద

మా మనవరాలు కొరిన్‌కీ ఆ లైల్‌కీ మొదలైందే పేచీతో.

ఏప్రిల్ నెల. మా ఒహైయో వాన సంగతి చెప్పక్కర్లేదు, గంట ఎండ, మూడు గంటల చినుకు. మైదానంలో పాత సైకిళ్ల సంత. కొరిన్ మా మామగారి సైకిలు పికప్‌లోంచి దింపి, ముందు గొట్టం మీది ఇత్తడి బిళ్లని తన స్కార్ఫుతో తుడిచింది.

"స్టాఫర్ సైకిల్ కంపెనీ, 1899. చదువుకోండి!" అంది గర్వంగా.

ఎదురుగా నిలబడ్డ పొడుగాటి కుర్రాడు చదవలేదు సరికదా, తన టోపీ తీసి ఆ బిళ్ల మీద కప్పేశాడు.

"అదేంటండీ!"

"బిళ్లలు అబద్ధాలాడతాయండీ. చికాగోలో ఒక్క ఫ్యాక్టరీవాడే యాభై ఊళ్ల కొట్లకి సైకిళ్లు చేసి పంపేవాడు. ఏ కొట్టువాడి పేరు బిళ్ల వాడు బిగించుకునేవాడు. అందుకే నేను మొహం చూడను, ఎముకలు చూస్తాను."

"మా ముత్తాత ఎముకలే కావాలంటే చర్చి వెనకున్నాయి, వెళ్లి చూసుకోండి."

నేను కిసుక్కున నవ్వాను. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ఎర్రబడే చెవులున్న మగాడు చెడ్డవాడు కాడని మా అమ్మ అనేది.

తరవాత ఆదివారం మా గుమ్మంలో ఉన్నాడు, చేతిలో కొలతటేపుతో. "గొట్టాల అతుకులు నా జాబితాలో ఏ ఫ్యాక్టరీతోనూ కలవడం లేదు. ఇంకోసారి కొలవాలి" అన్నాడు. ఆ పై ఆదివారమూ అదే గొట్టం. ఆ పైదీ అదే. నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని, ఒక గొట్టం కొలవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియదా? నోరు మూసుకుని, పుల్లటి రూబార్బ్ కాడలతో నేను కాల్చిన 'పై' ఇంకో ముక్క వడ్డించేదాన్ని. మే నెలకల్లా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. జూలైలో ఇద్దరూ వానకి తడిసి ఒకే గొడుగుతో వచ్చారు. గొడుగు మాత్రం పొడిగానే ఉంది!

ఇంక అసలు సంగతి. మా మామగారు ఆమోస్ స్టాఫర్ కార్ఖానా 1902లో కాలిపోయింది, కాగితాలతో సహా. మిగిలింది ఈ ఒక్క సైకిలే. "స్టాఫర్లు ఏనాడూ సైకిలు చెయ్యలేదు, చికాగో సరుక్కి బిళ్ల తగిలించి అమ్ముకున్నారు" అని ఊళ్లో ఎనభై ఏళ్లుగా ఓ ఎత్తిపొడుపు. కొరిన్ బళ్లో చదివే రోజుల్లో ఆ మాట పడి ఏడుస్తూ ఇంటికొచ్చేది. ఆ ఏడు అక్టోబరులో కౌంటీ మ్యూజియం కొత్త గది తెరుస్తోంది. సైకిలు ఆమోస్ చేసిందేనని తేలితే గది నడిమధ్య ఆయన పేరుతో నిలబెడతారు. లేకపోతే లేదు. పాత సైకిళ్ల గుట్టు తెలిసినవాడని, తేల్చే పని మ్యూజియం కమిటీ లైల్‌కి అప్పగించింది. గది తెరిచే శనివారం మూడు గంటలకి జనం ముందు మైకులో చెప్పాలి.

ఆ శనివారం రెండయింది. మ్యూజియం వెనక షెడ్డు రేకుల మీద వాన. కొరిన్ కాఫీ, ఆపిల్ సైడర్ డోనట్టూ పట్టుకొచ్చింది. లైల్ ముట్టుకోలేదు.

"ఏంటా మొహం?"

"కొరిన్... పెడళ్ల దగ్గరి చైన్ చక్రం మీద నల్లరంగు గీకాను. లోపల ఐదు రేకుల పువ్వు. అది చికాగో వాళ్ల అచ్చు."

"ఎప్పుడు గీకావు?"

"నిన్న మధ్యాహ్నం."

"నిన్న సాయంత్రం మా ఇంట్లో కూర్చుని రెండు ముక్కలు 'పై' తిన్నావు."

"చెబుదామనే వచ్చాను. నీ మొహం చూసి నోరు రాలేదు."

"నువ్వు మొహాలు చూడవుగా!"

కొరిన్ ఇంకో అడుగు దగ్గరికి వేసింది. "కమిటీకి చెప్పేశావా?"

"పొద్దున రాసిచ్చాను. ఆమోస్ చేసింది కాదని."

"నాకంటే ముందు వాళ్లకి!" డోనట్టు బల్ల మీద పడేసి చేతులు కట్టుకుంది. కళ్లు నిండాయి కానీ జారనివ్వలేదు. స్టాఫర్ల మొండితనం.

నేను మడతకుర్చీలో చేతిసంచీ నలుపుతూ కూర్చున్నాను. నలభై ఏడేళ్ల కిందట మా ఆయన క్లీట్‌కి వేసిన ఒట్టు నాలిక మీద బరువుగా ఉంది. ఎవరికీ చెప్పనని ఒట్టు. కానీ క్లీట్ పోయాడు, మామగారూ పోయారు, ఈ పిల్ల మాత్రం నా కళ్లముందు బతికున్న మనిషి.

"ఆ చక్రం సైకిలుతో పుట్టింది కాదు," అన్నాను.

ఇద్దరూ తిరిగారు.

"1934లో మా క్లీట్ వాళ్ల నాన్నకి చెప్పకుండా ఈ సైకిలెక్కి నన్ను చూడ్డానికొచ్చేవాడు. ఓ రోజు వానలో రైలుపట్టాల మీద పడ్డాడు. చైన్ చక్రానికి మూడు పళ్లు ఊడాయి. కొడుకు చచ్చినా ఆమోస్ ఊరుకునేవాడేమో కానీ, చేత్తో చేసిన చక్రం విరిగితే ఊరుకోడు. తుక్కు కొట్లో దొరికిందేదో బిగించి, మీద నల్లరంగు పూశాం. కుంచె పట్టింది నేనే."

"నాయనమ్మా! ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీ తాతకి ఒట్టేశాను పిల్లా!"

లైల్ నుదురు రుద్దుకున్నాడు. "నేను నమ్ముతాను బామ్మగారూ. కమిటీ నమ్మదు. సొంతవాళ్ల మాట సాక్ష్యం కాదంటారు. ఒక్కటే దారి. బిళ్ల ఊడదీయాలి."

"దాన్ని ఎనభై రెండేళ్లలో ఎవరూ తీయలేదు," అంది కొరిన్.

"చికాగోవాడు బిళ్లకి బెజ్జాలు ఒకదాని కింద ఒకటి వేసేవాడు. మీ బిళ్లకి మరలు పక్కపక్కనున్నాయి. కింద పూడ్చిన బెజ్జాలు కనపడ్డాయా, ఇంక మాట్లాడేదేం లేదు. బిళ్ల తరవాత తగిలించిందే. తీయకపోతే మాత్రం, ఏమో, అయ్యుండొచ్చు అని మీ ఇంట్లో అనుకుంటూ ఉండొచ్చు. నీ ఇష్టం."

కొరిన్ నా వంక చూసింది.

"స్క్రూడ్రైవర్ ఇలా తే," అంది. "నువ్వు తీయకు. నేనే తీస్తాను."

మొదటి మర కదల్లేదు. లైల్ నూనె చుక్క వేశాడు. చిన్న సుత్తితో మెల్లగా తట్టాడు. ఇత్తడి మర తల తెగిందంటే అంతే. కమిటీ పెద్ద డెల్బర్ట్ గడియారం చూపించాడు. "మూడు కావస్తోంది. కానివ్వండి, కానివ్వండి!"

"నీ మైకు ఎక్కడికీ పారిపోదులే డెల్బర్టూ," అన్నాను.

కీచుమంటూ మర తిరిగింది. రెండోది తేలిగ్గా వచ్చింది. కొరిన్ గోటితో బిళ్ల అంచు ఎత్తి, కళ్లు మూసుకుంది. "నువ్వే చూడు. నావల్ల కాదు."

లైల్ లైటు దగ్గరికి పట్టాడు. బొటనవేలితో తుడిచాడు, గోటితో గీకాడు. మళ్లీ తుడిచాడు.

"కళ్లు తెరువు," అన్నాడు.

బిళ్ల కింద ఎండ సోకని ఆకుపచ్చ రంగు, నిన్న వేసినంత తాజాగా. అందులో పక్కపక్కన రెండు బెజ్జాలు. పైనా లేదు, కిందా లేదు. పూడ్చిన గుర్తన్నదే లేదు.

వాడు మైకు దగ్గరికి నడిచాడు. షెడ్డు సద్దుమణిగింది.

"పొద్దున నేను రాసిచ్చింది తప్పు. బిళ్లని నమ్మేవాళ్లని ఇన్నాళ్లూ ఎగతాళి చేశాను. ఈసారి నేను చక్రాన్ని నమ్మాను. బిళ్లలాగే చక్రమూ మారుతుందని మర్చిపోయాను. ఈ ఫ్రేము చికాగోది కాదు. నాకు తెలిసిన ఏ ఫ్యాక్టరీదీ కాదు. ఆమోస్ స్టాఫర్ చేసిందే." ఆగాడు. చెవులు టమాటాలయ్యాయి. "ఇంకోటి. కొరిన్‌కి ముందు చెప్పాల్సింది కమిటీకి చెప్పాను. అదీ తప్పే. కొరిన్, రేపు ఆదివారం రావచ్చా?"

జనమంతా మా వైపు తిరిగారు. కొరిన్ బిళ్లని గుండెకి అదుముకుని నిలబడింది. ఎంతసేపో! నేనే కేక వేద్దామనుకున్నాను.

"టేపు తీసుకురాకు!" అంది చివరికి.

"మరి ఏం వంకతో రాను?"

"వంక లేకుండానే రా."

షెడ్డంతా చప్పట్లు. డెల్బర్ట్ కళ్లజోడు తుడుచుకున్నాడు, వాన తుంపర పడిందట.

బిళ్ల మళ్లీ బిగించాక లైల్ నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "బామ్మగారూ, ఆమోస్ గారి చక్రం లాంటిదే కొత్తగా చేయించి ఈ చికాగోది తీసేస్తాను."

"దాని జోలికెళ్లావంటే నీకు 'పై' బంద్! అది మారబట్టే మా సంగతి ఆమోస్‌కి తెలియలేదు, నేను స్టాఫర్ ఇంటి కోడలినయ్యాను."

ఇప్పుడు మ్యూజియం గది నడిమధ్యనుంది ఆ సైకిలు. పక్కన లైల్ చేతిరాతతో అట్టముక్క: "ఈ సైకిలు ఆమోస్ స్టాఫర్ చేసినది. చైన్ చక్రం మాత్రం చికాగోది. 1934లో ఆయన కొడుకు ప్రేమలో పడి, పట్టాల మీద కూడా పడినందువల్ల మార్చబడినది."

కింద సన్నటి అక్షరాలతో కొరిన్ రాసింది: "రంగు వేసినది మా నాయనమ్మ."