గేటు దాటని సామాను

ఆ కాలనీలో సగం ఇళ్ళకి ఇంకా తలుపులే బిగించలేదు. రోడ్డు మీద కంకర, గోడల వెంట ఇసుక కుప్పలు, చీకటి పడితే అక్కడొకటీ ఇక్కడొకటీ వెలిగే వీధి దీపాలు. అన్నిటికంటే ముందు సిద్ధమైన ఇల్లు ఆ భార్యాభర్తలది. రంగుల వాసన కూడా పోలేదు. మనుషులు చేరకముందే ఆ ఇంట్లోకి ఫ్రిజ్ చేరింది, వాషింగ్ మెషీన్ చేరింది, ఏసీ చేరింది.

వద్దని ఆమె ముందే చెప్పింది. "మనం వెళ్ళి పరుపులు వేసుకునే రోజే బిగించుకుందామండీ. ఖాళీ ఇంట్లో అంత సామాను పెట్టి తాళం వేస్తే దొంగల్ని పిలిచినట్టే కదా!"

"నీకేం తెలుసు? నెలాఖరులోపు అయితే ఫిటింగు ఉచితం. ఆ తర్వాత పిలిచినా పలకరు," అన్నాడు భర్త.

ఉచితం అన్న మాట చెవిన పడితే ఆయనకి ఇంకే మాటా వినపడదు. పోనీ దగ్గరుండి బిగించుకున్నాడా అంటే అదీ లేదు. ఆఫీసుకి సెలవు పెట్టడం దండగని, ఇంటి తాళంచెవి ఫిటింగు వాళ్ళ చేతిలోనే పెట్టాడు. వాళ్ళు పని కానిచ్చి, పెద్ద పెద్ద అట్టపెట్టెలన్నీ గేటు బయట పేర్చి పోయారు. లోపల ఏమేం ఉన్నాయో దారినపోయే వాళ్ళందరికీ బొమ్మలతో సహా తెలిసిపోయింది.

కాలనీకి రాత్రి కాపలా ఒక ముసలాయన. అందరూ తాతా అనేవాళ్ళు. చేతికర్ర, పాత కంబళి, చెవులకి మఫ్లరు. భర్త ఆయన్ని గేటు దగ్గరికి పిలిచి, వేలు చూపించి మరీ చెప్పాడు.

"ఈ గేటు లోపల ఉన్నదంతా నాదే. చెంచా కూడా బయటికి పోకూడదు. పోయిందో, నీ సంగతి చెప్తా."

"నేనుండగా పోదు బాబూ," అన్నాడు తాత.

ఆయన లేనప్పుడు పోయింది. పట్టపగలు, తాత ఇంటికెళ్ళి నిద్రపోయే వేళ, ఒక వ్యాను వచ్చి ఆగింది. తాళం పగలలేదు, కిటికీ విరగలేదు. సామానంతా, ఏసీ గొట్టాలతో సహా, ఊడబీక్కుని పోయారు.

పగటి దొంగతనానికి రాత్రి కాపలా మనిషి దెబ్బ తిన్నాడు. కాలనీ పనివాళ్ళందరి ముందూ భర్త ఆయన చెంప చెళ్ళుమనిపించాడు. మఫ్లరు ఊడి ఇసుకలో పడింది. ఆమె ఏదో అనబోయింది. భర్త ఒక్క చూపు చూశాడు. తాత మఫ్లరు దులుపుకుని, "నేను కాపలాలో కన్ను మూయలేదు బాబూ" అని మాత్రం అన్నాడు.

ఆ రోజునుంచి ఆయన ఇంటికి పోలేదు. పగలూ రాత్రీ వాళ్ళ గుమ్మంలోనే కూర్చున్నాడు. ఎవరు ఎంత చెప్పినా ముద్ద ముట్టలేదు. మంచు కురిసే రోజులు. ఒక పొద్దున మేస్త్రీ వచ్చి చూసేసరికి, వీధి తలుపుకి వీపు ఆనించి, కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. ఆ కళ్ళు మూయడానికి నానా తంటాలూ పడ్డానని మేస్త్రీ తర్వాత చెప్పాడు.

ఆ తర్వాత దొంగలు దొరికారు. ఎవరో కాదు, ఫిటింగుకి వచ్చినవాళ్ళే. ఇచ్చిన తాళంచెవికి నకలు తీయించుకున్నారు.

"పాపం, తాతని ఊరికే కొట్టారు కదండీ," అంది ఆమె.

"పోయినాయన ఎలాగూ పోయాడు. నా ఫ్రిజ్ ఎవడు తెచ్చిస్తాడు?" అన్నాడు భర్త, అన్నం కలుపుకుంటూ.

ఆ ఒక్క మాటతో ఆమెకి మొగుడి మీద మనసు విరిగిపోయింది.

మళ్ళీ కొత్త సామాను వచ్చింది. ఈసారి మాత్రం తాము ఇంట్లో దిగిన రోజే బిగించారు. అది తన తెలివేనని ఆయన బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని విన్నది. అలా వినడం ఆమెకి కొత్తేం కాదు.

చేరిన కొన్నాళ్ళకే ఇంట్లో ఏదో తేడా తెలిసింది. దీపాలు పెట్టే వేళకి ప్రహరీ వెంట కర్ర చప్పుడు. టక్... టక్... ఇల్లంతా చుట్టి గేటు దగ్గర ఆగేది. తడిసిన కంబళి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చేది. భర్తకి ఏ చప్పుడూ వినపడేది కాదు. ఆమె పాత మిక్సీని పనిమనిషికి ఇచ్చి పంపింది. తెల్లారేసరికి అది వంటగట్టు మీద ఉంది. పనిమనిషి మాత్రం రాలేదు. ఫోను చేస్తే ఏడుపు గొంతుతో, "అమ్మా, మీ ఇంట్లోది నాకేదీ వద్దు. గేటు దాటుతుంటే ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. మంచుగడ్డలా ఉందమ్మా ఆ చెయ్యి..." అని పెట్టేసింది.

ఆమె భయపడింది. కానీ అంతకంటే పెద్ద నిర్ణయం అప్పటికే తీసుకుని ఉంది. భర్త ఆఫీసు పని మీద ఊరెళ్ళే రోజు కోసం చూస్తోంది. అక్క తన దగ్గరికి వచ్చెయ్యమంది. అక్కడి బళ్ళో పని కూడా మాట్లాడి పెట్టింది. ఇక ఈ ఇంటికీ, ఈ మనిషికీ ఒక దండం పెట్టి పోవడమే.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం భర్త కారెక్కి గేటు దాటి వెళ్ళాడు. గేటు కిర్రుమనకుండా తెరుచుకుంది.

సర్దుకునేసరికి పొద్దువాలింది. అక్క ఫోను చేసింది. "ఏమే, బయలుదేరావా?"

"బండి పిలిచానక్కా. వస్తున్నాను."

బ్యాగు తీసుకుని వాకిట్లోకి వచ్చింది. బండి గేటు ముందు ఆగింది. దాని దీపాల వెలుగు గేటు ఊచల్లోంచి ఆమె కాళ్ళ దాకా పడుతోంది. గడియ మీద చెయ్యి వేసింది. గడియ లేచింది, గేటు తెరుచుకుంది. అడుగు బయటికి వేయబోయింది.

కడుపుకి అడ్డంగా ఏదో తగిలింది.

కర్ర. కంటికి కనపడలేదు. గరుకుగా, చల్లగా, చీర మీద ఒత్తుకుంటోంది. తడి కంబళి వాసన గుప్పుమంది.

"లోపలికెళ్ళమ్మా..."

చెవి పక్కనే. గుసగుసగా.

ఆమె బ్యాగు ఎత్తి చూపించింది. "తాతా... ఇందులో ఉన్నవి నా బట్టలే. ఆయనవేమీ లేవు."

కర్ర కదల్లేదు.

బ్యాగు కోసమే ఆపుతున్నాడనుకుంది. గబగబా లోపలికెళ్ళి హాల్లో పడేసింది. చేతిసంచీ కూడా. ఆయన కొన్న కమ్మలు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన కొన్న ఫోను వాటి పక్కన. ఆయన కొన్న చెప్పులు గుమ్మంలో విడిచేసింది. ఒంటి మీద చీర అక్క పెట్టింది. ఉత్త కాళ్ళతో, ఉత్త చేతులతో మళ్ళీ గేటు దగ్గరికి పరిగెత్తింది.

కర్ర తగిలింది. అదే చోట.

"ఇంకేం ఉంది తాతా నా దగ్గర?"

"నువ్వున్నావు కదమ్మా."

"నేను సామాను కాదు తాతా... మనిషిని..."

ఎవరో కష్టపడి ఊపిరి తీస్తున్న చప్పుడు.

"బాబు అలా చెప్పలేదమ్మా. గేటు లోపల ఉన్నదంతా ఆయనదే అన్నాడు."

"రోజూ కూరలకి వెళ్ళొస్తున్నాను. అప్పుడు ఆపలేదే!"

"అప్పుడు తిరిగొస్తావు." ఊపిరి ఆమె మెడకి తగిలింది. "ఇవాళ తిరిగి రావడానికి వెళ్ళట్లేదు నువ్వు."

ఆమె ఏడ్చింది. "నిన్ను అంత కొట్టాడు తాతా! దొంగలు దొరికారు. నీ తప్పేం లేదని తేలిపోయింది. ఇంకా ఆయనకెందుకు కాపలా?"

కర్ర ఇంకొంచెం గట్టిగా ఒత్తుకుంది. ఆ గొంతులో కోపం లేదు. తలొంచుకుని చెబుతున్నట్టుంది.

"ఈసారి మాట పడనమ్మా."

బండివాడు హారను కొట్టాడు. ఆమె చేతులు ఊపింది, అరిచింది. అతను నేరుగా ఆమె వైపే చూశాడు. చూసి, వాకిట్లో ఎవరూ లేరన్నట్టు గడియారం చూసుకుని, విసుక్కుంటూ బండి తిప్పుకుని పోయాడు. దీపాల వెలుగు గోడ మీంచి జారి, మలుపు దగ్గర మాయమైంది. గేటు దానంతటదే మూసుకుంది.

కర్ర ఆమెని నెట్టలేదు. ఊరికే వెనక వస్తోంది. టక్... టక్... గుమ్మం దాకా వచ్చి ఆగింది.

హాల్లో ఫోను లేదు. బల్ల మీద కమ్మలు లేవు. బ్యాగు లేదు. అల్మరా తెరిచి చూసింది. చీరలు, కమ్మలు అన్నీ ఎక్కడివక్కడ సర్ది ఉన్నాయి. ఫోను చార్జింగులో ఉంది.

వంటింట్లో లైటు వెలుగుతోంది. తను వెయ్యలేదు.

ఫ్రిజ్ మూరెడు పక్కకి జరిగి ఉంది. నేల మీద గీత కూడా పడలేదు. ఫ్రిజ్‌కీ వాషింగ్ మెషీన్‌కీ మధ్య ఇప్పుడు ఖాళీ. ఒక మనిషి గోడకి ఆనుకుని నిలబడేంత. అక్కడ నేల తుడిచి ఉంది, ఇంకా తడి ఆరలేదు.

ఆ ఖాళీలో, గోడ మీద, సరిగ్గా ఆమె తల ఎత్తున ఒక మరక. గుండ్రంగా, నల్లగా, జిడ్డుగా. ఏళ్ళ తరబడి ఎవరో తల ఆనించి నిలబడితే పడే మరక. ఆ గోడకి రంగు వేసి ఏడాది కూడా కాలేదు.

ఆమె దగ్గరికెళ్ళింది. వేలితో తాకి, వాసన చూసింది.

రోజూ తను తలకి రాసుకునే నూనే.