ఈతమడుగు వాగు మీద జంపయ్య గొంతు

చర్ల పోయే తొవ్వల ఈతమడుగు వాగు ఉన్నది. పొద్దుగూకినంక అక్కడ ఎవరూ నిలవడరు. లారీలోళ్లు గూడ పాటలు బంద్ పెట్టి జల్దీ దాటిపోతరు. నేను కండ్లతోటి చూసింది కాదు, విన్నదే. కానీ విన్నప్పటి సంది నేను ఆ తొవ్వకు పోలే. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం పోయింది!

ఆ వాగు మీద వంతెన లేదు, చప్టానే. వాన దంచిందంటే నీళ్లు దాని మీదికెల్లే పోతయి. జంపయ్య అనే ఆయన ఏండ్ల సంది అక్కడ కాపలా ఉండె. నీళ్లొస్తే "ఆగండి!" అని కేకేసేటోడు. తగ్గితే "తగ్గింది... రాండి" అనేటోడు. ఆయన మాట మీద చంటిపిల్లల తల్లులు గూడ ధైర్యంగ దిగేటోళ్లు.

తర్వాత మిషన్ పెట్టిండ్రు. నీళ్లు కొలిచేది అదే, కేకేసేది అదే. ఇటు గట్టు మీద చిన్న గది, ఎండతోటి నిండే బ్యాటరీ, రెండు గట్ల మీద స్తంభాలకు స్పీకర్లు. గొంతు మాత్రం జంపయ్యదే, రికార్డు చేసి పెట్టిండ్రు. ఆ ఎండకాలమే ఆయన పాము కరిచి పోయిండు.

వానలు మొదలైనయి. ఇగ చూడండి... చీకటి పడుతుంటది, వాగు నిండుగ పారుతుంటది, మిషన్ ఆరిపోయే యాళ్లకు — "తగ్గింది... రాండి."

చచ్చినోడి గొంతు! నిండు వాగుల దిగమని పిలుస్తది. ఒక్కసారే. మళ్ల ఏం వినపడదు.

ఆ మిషన్‌ను నడిపే ప్రోగ్రాం రాసింది సాజిద్. ఖమ్మంల ఖానాపురం హవేలిల ఉంటడు. దెయ్యం ముచ్చట చెవిన పడంగనే నవ్విండు. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలే. ఎందుకంటే ఆయన చెల్లె సనోబర్ వాగు అవతలి దవాఖానల నర్సు. ఇవతలి ఊర్ల గది కిరాయికి తీసుకుని ఉంటది. రోజూ స్కూటీ మీద ఆ చప్టానే దాటాలె. ఆ పిల్ల గుర్తొచ్చి సాజిద్‌కు ఇంట్ల ఉండబుద్ధి కాలే. బ్యాగు భుజానేసుకుని వచ్చిండు.

వచ్చిననాడు పొద్దంతా మబ్బే. పొద్దున వాగు ఒకసారి పొంగి తగ్గింది. మాపటికి మళ్ల పొంగింది. మిషన్ "ఆగండి" అని అరిచింది. సాజిద్ గదిల కూసోని లాప్‌టాప్ తెరిచిండు. ఇప్పటి కాపలా మనిషి పగిడయ్య గడప మీద కూసున్నడు. ఫోన్ల సిగ్నల్ లేదు. అవతలి గట్టు మీద ఒక లైటు వచ్చి ఆగింది.

"సనోబరమ్మ స్కూటీ," అన్నడు పగిడయ్య మెల్లగ. "మిషన్ బాగుచెయ్య మీరొచ్చిండ్రని తెలుసు గద, వాగు తగ్గేదాక చూస్తున్నది."

"తాతా, ఆ గొంతు విని దిగదు గద?"

"దిగదు సారూ... నేనే చెప్పిన. ఒకసారి పిలిస్తే దెయ్యం. రెండుసార్లు పిలిచినా దెయ్యమే. మూడోసారి గూడ పిలిస్తేనే మనిషి. మా దిక్కు చిన్న పోరలకు గూడ తెలుసు ఇది."

సాజిద్ మళ్ల లాప్‌టాప్ దిక్కు తిరిగిండు. కండ్లు తెర మీదనే ఉన్నయి. చూడంగ చూడంగ... దొరికింది.

అరే, ఇంతేనా!

నీళ్లు పొంగినప్పుడల్లా ప్రోగ్రాం ఒక హెచ్చరికను పుట్టిస్తది. నీళ్లు తగ్గినంక దాని పని అయిపోతది, దాన్ని తుడిచెయ్యాలె. పోతూ పోతూ అది "తగ్గింది, రాండి" అనాలె. గట్లనే రాసిండు సాజిద్. కానీ దేన్నైనా ఇంకోటి పట్టుకుని ఉండకుంటేనే తుడుస్తది ఆ ప్రోగ్రాం. ఇక్కడ హెచ్చరికేమో నీళ్లు కొలిచేదాన్ని పట్టుకున్నది, కొలిచేదేమో హెచ్చరికను పట్టుకున్నది. నువ్వు వదులంటే నువ్వు వదులని! గసొంటి వాటిని ఏరి ఊడ్చే పని వేరే ఒకటి ఉంటది. చిన్న మిషన్ గద, బరువైతదని దాన్ని సాజిదే బంద్ పెట్టిండు. ఇగ ఊడ్చేది ఒక్కసారే — బ్యాటరీ అయిపోయి ప్రోగ్రాం మూసుకునేటప్పుడు. అప్పుడు మిగిలినయన్నీ తుడుస్తది. వాగు నిండుగ ఉన్నా సరే, ప్రతి ఒక్కటి తన ఆఖరి మాట చెప్పే పోతది.

"తాతా, దెయ్యం లేదు ఏం లేదు!" అని నవ్విండు సాజిద్. "నా తప్పే. రేపు పొద్దుగాల సరిచేస్త..."

తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. పొద్దంతా ఎండ లేదు గద. బ్యాటరీ అయిపోయింది. ప్రోగ్రాం మూసుకుంటున్నది.

"వద్దు... ఆగు... ఆగు!" ఏ మీట నొక్కినా పలకలే. ఊడ్చుడు మొదలైనంక అది ఇగ ఎవరి మాటా వినదు.

"తగ్గింది... రాండి."

రెండు గట్ల మీద ఒక్కపారే. పగిడయ్య సాజిద్ చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. అవతల లైటు కదలలే.

"తగ్గింది... రాండి."

రెండోది! సాజిద్‌కు లోపల ఇంకెన్ని ఉన్నయో లెక్కపెట్టే తెలివి ఎక్కడిది! ఒక్క దుంకు దుంకి బ్యాటరీ వైరు పీకేసిండు.

చీకటి... వాగు హోరు తప్ప ఏం లేదు. అవతల లైటు ఉన్నకాడనే ఉన్నది.

"యా అల్లా," అని గోడకు జారగిలబడ్డడు. "బతికినం తాతా."

"రెండే పిలిచింది. దిగదు," అన్నడు పగిడయ్య గుసగుసగ.

రెండే... పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. అవ్, లోపల ఉన్నయే రెండు! వైరు పీకకున్నా మూడోది వచ్చేది కాదు. గా మాట తోచంగనే ఇంకో మాట తోచింది. సాజిద్‌కు అవతలి గట్టు యాదికొచ్చింది.

అవతలి స్తంభానికి గూడ ఒక చిన్న మిషన్ ఉన్నది. దానికి దాని బ్యాటరీ, దాని ప్రోగ్రాం. రోజూ ఇటుదాని బ్యాటరీ అయిపోయినప్పుడు "నేను పోతున్న, నువ్వుండు" అని దానికి చెప్పే పోతది. చెప్పకుండ సంబంధం తెగిందంటే మాత్రం అది గూడ మూసుకోవాలె. మూసుకునే ముందు తన దగ్గరున్న హెచ్చరికను ఊడ్చుకోవాలె. అదీ సాజిద్ రాసిందే.

ఇప్పుడు చెప్పకుండ తెంపింది గూడ ఆయనే.

బయటికి ఉరికిండు. "సనోబర్! రావద్దు! రావ—"

అవతలి గట్టు మీదికెల్లి, నిదానంగ, జంపయ్య గొంతు...

"తగ్గింది... రాండి."

మూడోది.

సాజిద్ గొంతు చించుకున్నడు. ఆ హోరుల తన అరుపు తనకే వినపడలే. నీళ్లలకు దుంకబోతే పగిడయ్య నడుం పట్టుకుని వెనకకు గుంజిండు. సాజిద్ టార్చి తీసి అడ్డంగ ఊపిండు, ఆగు ఆగు అని, చెయ్యి నొప్పి పుట్టేదాక ఊపిండు.

టార్చి చూసి, అవతల స్కూటీ హారన్ రెండుసార్లు మోగింది. వస్తున్న భాయ్, అన్నట్టు. లైటు మెల్లగ నీళ్లలకు దిగింది.