తాడు పట్టిన తమ్ముడు

"పుట్టి ఏది?" అంది మంజులత.

సాగర్ డ్యామ్ వెనక కృష్ణ నీళ్లు సముద్రంలా పరుచుకున్న ఒడ్డు అది. ఇప్పుడే వాళ్లను దించిన గుండ్రటి పుట్టి పడవ అప్పుడే నడిమధ్యకు చేరింది. పుట్టివాడు వెనక్కి తిరిగి కూడా చూడటం లేదు.

"పంపించేసిన," అన్నాడు కరుణాకర్, వీపు మీది పెద్ద సంచి సర్దుకుంటూ. "రేపు పొద్దుగాల రమ్మన్న. ఇయ్యాల చెంచుల పెంటల ఉందాం. మస్తుంటది!"

"నన్ను ఒక్క మాట అడుగొద్దా?"

"అడిగితె నువ్వు వద్దంటవు గద."

విన్నారా జవాబు! పెళ్లయి నెల కాలేదు. షాద్‌నగర్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, బుద్ధిమంతుడు అని చెప్పి చేశారు. హనీమూన్ అనగానే ఊటీ అనుకుని మంజులత స్వెటర్ కొనుక్కుంది. పిచ్చిపిల్ల! మండే మే నెలలో నల్లమల అంచున ఆ స్వెటర్ మోసుకుంటూ తిరుగుతోంది. ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, ఎప్పుడు తినాలి, అన్నీ ఆయనగారే తేల్చేస్తారు. ఈమె వెనకాల నడవాలి, అంతే.

అక్కడే నిశ్చయించుకుంది. రేపు పుట్టి రాగానే షాద్‌నగర్ దారి ఆయనది, హాలియాలో తల్లిగారిల్లు తనది. చాలు ఈ సంసారం.

పెంట అంటే నీళ్లకు ఎగువన కొన్ని గడ్డి గుడిసెలు. గుర్వమ్మ అనే ముసలామె ఎదురొచ్చింది. నిప్పుల మీద కాల్చిన చేపలు, జొన్న అంబలి పెట్టింది. మంజులత మెడ వంక చూసి నవ్వింది.

"పుస్తెలతాడు ఇంక పచ్చగనె ఉంది. గీ ఎండల ఎందుకు తిప్పుతుండు బిడ్డా?"

"ఆయన్నే అడుగవ్వా. నాకు చెప్తె గద!"

ఆ రాత్రి మంజులత గుడిసెలో గుర్వమ్మ పక్కన పడుకుంది. కరుణాకర్ బయట బండ మీద దుప్పటి పరిచాడు. దోమలు ఆయన సంగతి చూసుకున్నాయి. చప్పట్లు వినిపించినప్పుడల్లా మంజులతకు ప్రాణం హాయిగా ఉండింది.

తెల్లవారి సంచితో ఒడ్డుకు దిగబోతుంటే, పక్కన గుట్టకొమ్ము మీద గోల వినిపించింది. వెళ్లి చూసి గుండె పట్టుకుంది. అంచు కింద బండకు పెద్ద తేనెపట్టు. ఇంకా కింద, లోతైన నీళ్లు. నడుముకు నారతాడు కట్టుకుని అంచు మీద నిలబడ్డాడు కరుణాకర్!

"మంజులా, తేనె తెస్త చూడు!"

గుర్వమ్మ కొడుకు ఈదన్న తాడు ఇంకో కొస ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"పట్టన్నా," అన్నాడు కరుణాకర్.

"నేనెట్ల పడుత? తేనెకు దిగెటోని తాడు బామ్మర్దే పట్టాలె. అక్క ముండమోస్తదని వాడైతె ఇడువడు. నీ బామ్మర్ది ఏడి?"

"నాకు లేడు. ఈమెకు అందరు అక్కచెల్లెండ్లే. నువ్వే బామ్మర్దివనుకో."

"నువ్వనుకుంటె ఐతనా?" ఈదన్న లేచి మంజులత ముందుకొచ్చాడు. "అక్కా, నన్ను తమ్ముడనుకుంటవా?"

"అనుకుంట తమ్మీ."

"అయితె చెప్పు. గీయన నీకు గావాల్నా? గావాలంటెనె నేను తాడు పడుత."

చుట్టూ చేరిన పెంట ఆడవాళ్లంతా కిసకిసా నవ్వారు. మంజులత నవ్వలేదు. పెళ్లిచూపుల నుంచి ఈనాటిదాకా ఆమెను ఎవరూ అడగని మాట అది.

కరుణాకర్ మొహంలో రంగు పోయింది. "ఏమంటవ్ మంజులా?"

"ఇప్పుడు అడుగుతున్నరా? పుట్టి పంపిచ్చెటప్పుడు అడిగిన్రా? నా కాళ్లు బొబ్బలెక్కితె అడిగిన్రా? నిన్ననే మా అమ్మగారింటికి పోవాలనుకున్న, తెలుసా!" కళ్లు తుడుచుకుని ఈదన్న వైపు తిరిగింది. "గావాలె తమ్మీ. నా ప్రాణం తీసినా నాకు గీయనే గావాలె. అందుకే దిగనియ్యకు!"

ఈదన్న పకపకా నవ్వి తాడు విప్పేశాడు. "ఇన్నవా బావా? నడువు ఒడ్డుకు."

కరుణాకర్ మంజులత సంచి కూడా తన భుజానికే వేసుకుని ఆమె వెనకాలే ఒడ్డుకు దిగాడు. పుట్టి వచ్చి ఆగింది.

"తప్పయింది మంజులా," అన్నాడు, తల వంచుకుని. "ఎటు పోదాం?"

"హాలియాకు. ఇద్దరం."

"సరే. నువ్వు ముందుగాల ఎక్కుతవా, నేనెక్కాల్నా?"

"ఎవరో ఒకరు ఎక్కుర్రి!"

"ఎండ గొడుతుంది, గొడుగు తియ్యాల్నా?"

"అయ్యో దేవుడా, తియ్యుర్రి!"

పుట్టి ఊగింది. ఆయన బెదురుతూ ఆమె చేతి వంక చూశాడు.

"చెయ్యి పట్టుకోవచ్చునా?"

"గిది గుడ అడుగుతరా!" అని కసురుకుని, తనే గట్టిగా పట్టుకుంది.