రావుగారు ఆగిన చోట

కార్ఖానా బస్తీలోని పార్కు వెనకమూల ఉన్న రాతి గద్దె మీద పొద్దుగూకాక ఎవరూ కూర్చోరు. సాయంత్రం నడకకొచ్చేవాళ్లు కూడా అక్కడిదాకా వచ్చి, అటు చూడకుండానే వెనక్కి తిరుగుతారు. గద్దె వెనక సగం గుమ్మటంలా వంగిన గోడ ఒకటి ఉంది — ఎప్పుడో బ్యాండు మేళం వాళ్ల కోసం కట్టింది. అక్కడ కూర్చుంటే చెవి పక్కనే ఆడమనిషి గొంతు వినిపిస్తుందని చెప్పుకుంటారు. తిరిగి చూస్తే మాత్రం... ఎవరూ ఉండరట.

నీహారిక ఇలాంటివి నమ్మే మనిషి కాదు. పార్కులు, చౌరస్తాలు డిజైన్ చేయడం ఆమె పని. వయొలిన్ విద్వాంసుడు రామభద్రరావు పేరిట ఆ మూలనే ఒక ప్రాంగణం కట్టే అవకాశం ఆమెకొచ్చింది. చిలకలగూడలో పుట్టి దేశమంతా పేరు తెచ్చుకుని కన్నుమూసిన మనిషి ఆయన. కుర్రతనంలో ఆ గద్దె మీదే సాధన చేశాడంటారు.

ఆమె గీసిన ప్లాన్‌లో పాత గోడ లేదు. దాన్ని పడగొట్టి నడుమ రావుగారి కంచు విగ్రహం, చుట్టూ మెట్లు, ముందు ఫౌంటెన్. కమిటీ వాళ్లకు తెగ నచ్చింది. మర్నాడే కూల్చడం మొదలు.

లైట్లు ఎక్కడ పెట్టాలో చీకట్లోనే తెలుస్తుందని ఆ సాయంత్రం ఒక్కతే వెళ్లింది. వాచ్‌మన్ పర్వతాలు గేటు తీశాడు గానీ లోపలికి రాలేదు. తనకంటే ముందు పనిచేసినాయన ఆ గొంతు విని జ్వరాన పడ్డాడని, మళ్లీ డ్యూటీకే రాలేదని చెప్పాడు.

"జెర జల్దీ రాండ్రి మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరన్న పిలిచినట్టు అనిపిస్తే... పలకకుండ్రి."

గద్దె మీద రాయి చల్లగా ఉంది. ఇక్కడ పాట ఎలా మోగుతుందో చూద్దామని నీహారిక ఫోన్లో రావుగారి రికార్డింగ్ పెట్టింది. వయొలిన్ మొదలైంది. ఆ రాగంలో ఒకచోట ఆయన కమాను ఎత్తేసి ఆగిపోతాడు. కాసేపు ఏమీ ఉండదు. జనం చప్పట్లు కొట్టేది ఆ చోటుకే — రావుగారి మౌనం అంటారు దాన్ని.

మౌనం వచ్చింది.

అందులో... ఎవరో పాడారు.

చెవి పక్కనే. సన్నగా, వణుకుతూ — ఊపిరి మెడకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా.

వయొలిన్ మళ్లీ అందుకోగానే గొంతు ఆగిపోయింది. నీహారిక ఫోన్ ఆపేసింది. తిరిగి చూసింది. గోడ. గోడ మీద నీడ కూడా లేదు.

కానీ భయం అడుగునే ఇంకేదో కదిలింది. ఆ గొంతు ఆయన ఆపినచోట అందుకుని, ఆయన అందుకునేచోట విడిచింది. ఇద్దరూ ఏళ్ల తరబడి కలిసి సాధన చేసినట్టు... ఆమె పాట మళ్లీ పెట్టింది.

మళ్లీ పాడింది గొంతు. ఈసారి నీహారిక లేచి గద్దె చివరికి జరిగింది — గొంతు మాయం. తిరిగొచ్చి కూర్చుంది — చెవిలోనే ఉంది. అప్పుడర్థమైంది. వంగిన గోడ దూరపు చప్పుడును పట్టి గద్దె మీదికి విసురుతోంది, గద్దె మీది పాటను దూరానికి పంపుతోంది. అంటే పాడే మనిషి వెనక లేదు... ఎదురుగా ఉంది.

ఎదురుగా, చెట్లకవతల, రోడ్డు దాటి — ఒక పాత బంగ్లా. మేడ మీద తెరిచిన కిటికీ. లోపల దీపం లేదు.

అందులో ఎవ్వరూ ఉండరని గేటు దగ్గర పర్వతాలు చెప్తూనే ఉన్నాడు. ఆమె వెళ్లి తలుపు తట్టింది.

చాలాసేపటికి తలుపు తీసినామె పేరు డోరా. బళ్లో టీచరు. విషయం విని మేడ మీదికి తీసుకెళ్లింది. చీకట్లో కిటికీ పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. డోరాకు మేనత్త, రోసమ్మ. చూపు పోయి చాలా కాలమైంది, దీపంతో పనిలేదు.

డోరానే చెప్పింది. వయసులో ఉండగా రావుగారు, రోసమ్మ ఆ గద్దె మీదే కలిసి సాధన చేసేవాళ్లట. చర్చిలో పాడుకునే పిల్ల పక్కన కూర్చుంటే కచేరీకి అవకాశం ఇచ్చేది లేదన్నారట సంగీత సభవాళ్లు. ఆయన ఒక్కడే వేదికెక్కాడు. ఆమె పాడాల్సిన చోటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, తనూ వాయించలేదు. బతికున్నన్నాళ్లూ ప్రతి కచేరీలోనూ అక్కడ ఆగాడు.

నీహారిక అక్కడే నిలబడి కాంట్రాక్టరుకు ఫోన్ చేసింది. రేపు గోడ ముట్టుకోవద్దని, ప్లాన్ మారుతుందని, కమిటీతో తను మాట్లాడుకుంటానని చెప్పింది.

రోసమ్మ చెయ్యి చాపి ఆమె చేతిని పట్టుకుంది. వేళ్లు ఎండిన ఆకుల్లా ఉన్నాయి.

"ఇయ్యాల ఫోన్ల పెట్టింది నువ్వేనా బిడ్డా?"

అవునంది నీహారిక.

"అనుకున్న. ఫోన్ల శ్రుతి జెర తక్కువుంది. రోజు గట్లుండది."

"రోజూ ఎవరు పెడతారమ్మా?"

"పెట్టుడేంది?" రోసమ్మ తల కిటికీ వైపు తిరిగింది. "ఆయన వాయిస్తడు. వాయించి ఆగుతడు. ఆగితెనే గద నేను పాడేది..."

పాపం పెద్దావిడ అనుకుంటూ నీహారిక డోరా వైపు చూసింది, ఆమె నవ్వుతుందేమోనని.

డోరా నవ్వలేదు. లేచి, కిటికీ రెక్క ఇంకాస్త తెరిచింది.

"కూసోండి మేడమ్," అంది మెల్లగా. "ఇయ్యాల ఆయన వాయించుడు ఇంకా షురూ కాలే."