తలకు నూనె

"తాతయ్యా, చెవి ఇటు తిప్పు," అంది షారోను. ప్రేమానందం చెవిలోని అర్థవాణిని ఊడదీసి కిటికీలో పెట్టింది. రోగికి ప్రార్థన చేసేటప్పుడు తలకు నూనె రాయడం వాళ్ల చర్చి సంఘం ఆచారం. నూనె తగిలితే ఆ చిన్న పూస పాడైపోతుంది.

తుంటి విరిగి మంచం పట్టినప్పటి నుంచీ ప్రేమానందం ఈ ప్రార్థన కోసమే ఎదురుచూశాడు. లేచి నడవాలి. సమాధుల పండుగకు భార్య మేరమ్మ సమాధికి తన చేత్తో సున్నం వేయాలి.

అర్థవాణి రాకముందు బైబిలు అనువాదం మారినప్పుడల్లా సంఘాలు చీలిపోయేవి. పాత మాటే ఉండాలని పెద్దలు, అది అర్థం కావడం లేదని పిల్లలు. ఈ పూస ఆ తగువు తీర్చింది. గ్రంథంలో అక్షరం మారదు. ఎవరికి తెలిసిన అర్థం వాళ్ల చెవికి వినిపిస్తుంది. ఇంట్లో మాటలూ అంతే. అందరం ఒకటే వింటున్నామనుకుని ఒక తరం గడిచిపోయింది.

చర్చి అయ్యగారు ఆయన నుదుట నూనె రాశారు. "ఈ బిడ్డకు కనికరం అనుగ్రహించు ప్రభువా."

"ఆమెన్," అంది గది నిండా ఉన్న సంఘం.

ప్రేమానందం కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు వెనక నిలబడ్డ నర్సు ముందుకొచ్చింది. "అందరూ ఒప్పుకున్నట్టేగా? ఎక్కించెయ్యనా?"

"ఏంటమ్మా ఎక్కించేది?"

"కనికరం తాతయ్యా," అంది షారోను. "నొప్పి ఉండదు. నిద్దట్లోనే పోతావు. అమ్మమ్మకీ అదే ఇచ్చాం కదా. అప్పుడు నువ్వే ముందు ఆమెన్ అన్నావు."

మేరమ్మ కోసం చేసిన ఆనాటి ప్రార్థన దేవుడు వినలేదనుకున్నాడు ప్రేమానందం. ఆ కోపంతో ఇన్నాళ్లూ ఆయనతో సరిగా మాట్లాడలేదు.

"నాకు సూది వద్దు. నేను బతకాలి."

"భయానికి అందరూ అలాగే అంటారు," అంది నర్సు, సూదిలోకి మందు ఎక్కిస్తూ. "సంఘం ఆమెన్ అన్నాక ఇక రోగిని అడగక్కర్లేదు. చట్టమే అది."

షారోను ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల ఏడుస్తోంది. అది దొంగ ఏడుపు కాదు. "దేవుడు కనికరం గలవాడని ఆదివారం బడిలో నువ్వే నేర్పావు తాతయ్యా. నీకు దక్కకపోతే ఎలా?"

"అది కాదే. కనికరమంటే..." ఆయన మరో మాట కోసం వెతికాడు. "జాలి," అన్నాడు. "దయ," అన్నాడు. "ప్రేమ," అన్నాడు.

తన చెవిలో పూస ఏం చెప్పిందో గాని, షారోను ప్రతి మాటకూ తల ఊపింది. ఊపుతూనే ఆయన చొక్కా చేతిని భుజం దాకా మడిచింది.